గుంటలు పూడనివ్వని వీధి

రోడ్లు వేయించే ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. మిమ్మల్ని ఎవరూ నమ్మరు. మీరు మంచివాళ్ళా కాదా అన్నదానితో దానికి సంబంధం లేదు. టేపు పట్టుకుని మీరు ఒక వీధిలో దిగగానే గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కొలిచేది రోడ్డు వెయ్యడానికా, తమ ఇంటి మెట్లు కొట్టెయ్యడానికా అని వాళ్ళ అనుమానం. రోడ్డు వేస్తే ఇందులో ఎవరికి ఎంత ముట్టిందోనని అనుమానం. వెయ్యకపోతే ఎవరు ఆపించారోనని అనుమానం.

కొన్నాళ్ళకు మీకూ అదే అంటుకుంటుంది. కాంట్రాక్టరు నవ్వుతూ వస్తే ఏదో దాచాడనిపిస్తుంది. మొహం ముడుచుకుని వస్తే ఏదో చెడగొట్టాడనిపిస్తుంది. అర్జీ పట్టుకొచ్చిన పెద్దమనిషి మరీ మర్యాదగా మాట్లాడితే, ఈయనకు అసలు కావలసింది వేరే ఏదో ఉందనిపిస్తుంది. చాలాసార్లు ఉంటుంది కూడా.

నేను నందిగామలోను, తర్వాత జగ్గయ్యపేటలోను మున్సిపల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు వార్డు సచివాలయాల్లో చేరుతున్న ఇంజినీరు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఎస్టిమేట్ ఎలా రాయాలి, బిల్లు ఎలా పెట్టాలి అని అడుగుతుంటారు. అవి ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. నేను రాయదలచుకున్నది అక్కడ ఎవరూ నేర్పని సంగతి. అనుమానపడటం తప్పు కాదు, ఈ పనికి అది కావలసిందే. కానీ ఎవరిని అనుమానించాలో, ఎంతదాకా అనుమానించాలో తెలియాలి.

నందిగామలో నేర్చుకున్నది

నా మొదటి పైఅధికారిని అందరూ పెద్దసారు అనేవారు. ఆయన జీపు దిగకుండా ఏ రోడ్డునూ చూసేవారు కాదు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని గుంట పక్కన గొంతుక్కూర్చునేవారు. జేబులోంచి స్కూటరు తాళంచెవి తీసి గుంట అంచును గీకేవారు. చుట్టూ చేరిన జనం ఏదేదో అరుస్తుంటే ఆయనకు వినపడనట్టే ఉండేది.

"అమ్మా, ఇటు రా," అని నన్ను పక్కన కూర్చోబెట్టి చూపించేవారు. "నీళ్ళు తిన్న గుంటకి అంచులు మెత్తగా ఉంటాయి, చేత్తో తీస్తే కంకర ఊడొస్తుంది. టైర్లు తిన్న గుంట బండి పోయే వైపు సాగి ఉంటుంది. మనిషి తవ్విన గుంటకి అంచు నిక్కచ్చిగా తెగుతుంది. ముందు గుంటని చూడు. మనుషుల మాట తర్వాత విందువుగాని."

అక్కడే ఒకసారి, కొత్తగా వేసిన రోడ్డు నెల తిరక్కుండా కుంగిపోయిందని ఒక కాలనీవాళ్ళు ఆఫీసు మీదికి వచ్చారు. అందరికంటే గట్టిగా మాట్లాడినాయన, రోడ్డు వేసినవాళ్ళకు బేడీలు వెయ్యాలన్నాడు. పెద్దసారు వెళ్ళి తాళంతో గీకి, అక్కడి మట్టి తవ్వించారు. కింద కొత్త కుళాయి పైపు కనపడింది. ఆ పైపు పట్టుకుని వెళితే గట్టిగా మాట్లాడినాయన పెరట్లో తేలింది. రోడ్డు కోసి కనెక్షను లాక్కుని, పైన మట్టి కప్పి, నలుగురికంటే ముందు ఆయనే ఫిర్యాదు చేశాడు. జీపులో తిరిగి వస్తుంటే, ఇక జన్మలో అర్జీ ఇచ్చినవాళ్ళెవరినీ నమ్మనన్నాను. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అట్లా అనుకుంటే పని తేలికైపోద్దిలే," అన్నారు. అది మెచ్చుకోలు కాదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పై కొస, కింద కొస

నేను చెప్పదలచిన వీధి జగ్గయ్యపేటలోది. పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ వీధికి ఒక కొస బజారు వైపు, రెండో కొస హైవే వైపు. బజారు వైపుని పై కొస అనీ, హైవే వైపుని కింద కొస అనీ అంటారు. పై కొసలో పప్పుల హోల్‌సేల్ దుకాణాలు, వాటి వెనక గోడౌన్లు. కింద కొసలో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఇళ్ళు కట్టుకున్న రైతు కుటుంబాలు. వీధి పొడుగునా ఎక్కడా ఫుట్‌పాత్ లేదు. గుమ్మం దిగితే మెట్లు, మెట్ల కింద సైడు కాలవ, కాలవ మీద ఒక బండ, బండ దాటితే రోడ్డు.

రోడ్డు కోసం ఆ వీధి చాలాకాలంగా తిరుగుతోంది. వాళ్ళ తరఫున మాట్లాడేది పప్పుల వ్యాపారి సుబ్బారావు గారు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న తువ్వాలు. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకి నలుగురిని వెంటపెట్టుకుని వచ్చేవారు. కేకలు వేసేవారు కాదు.

"మేడంగారండీ, మేం కొత్తగా ఏం కోరట్లేదండి. సిమెంటు రోడ్డు ఎప్పుడిస్తారో ఇవ్వండి. ఈలోపు ఆ గుంటలన్నా పూడ్పించండి. ముసలీ ముతకా పడిపోతన్నారు."

గుంటలు పూడ్పించాను. తారు, కంకర వేసి రోలరు తొక్కించిన ప్యాచ్ వర్కు. కాంట్రాక్టరు శ్రీనివాసు అనే అతను. వారం తిరక్కుండా సుబ్బారావు గారు మళ్ళీ వచ్చారు. కింద కొసలో ప్యాచీలు లేచిపోయాయన్నారు. మళ్ళీ వేయించాను. మళ్ళీ లేచిపోయాయి. ఈసారి ఆయనతోపాటు వచ్చినవాళ్ళు కూర్చోలేదు, నిలబడే మాట్లాడారు. తారులో కల్తీ అన్నారు. ఒకాయన నన్ను చూస్తూ, "కాంట్రాక్టరు ఒక్కడే తినడుగా," అన్నాడు. సుబ్బారావు గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారే గాని ఆయన్ని వారించలేదు.

శ్రీనివాసుని పిలిపించాను. అతను కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"మా అమ్మ మీద ఒట్టు మేడం. పై కొసలో ఏ తారు పోసానో కింద కొసలో అదే పోసా. ఒకే బండి, ఒకే కూలీలు. పైన ఒక్కటన్నా లేచిందేమో చూడండి."

అందులో నిజముంది. పై కొసలో వేసినవి చెక్కుచెదరలేదు. కానీ ఈ ఉద్యోగంలో అమ్మల మీద ఒట్లు నేను చాలా విన్నాను.

జగ్గయ్యపేటలో మా పైఅధికారికి ఓపిక నశించింది. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "అతన్ని పనుల్లోంచి తప్పించెయ్యండి. వీధివాళ్ళు చల్లబడతారు," అన్నారు. నేను కొంచెం గడువు అడిగాను. మీరు గమనించండి, ఏదన్నా చెడితే కాంట్రాక్టరు మీద వేసెయ్యడం మన ఆఫీసుల్లో అందరికీ సుఖం. జనానికి దొంగ దొరుకుతాడు, మనకు తలనొప్పి పోతుంది. నిజంగా కల్తీ చేసేవాళ్ళు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. అందుకే ఆ నింద ఎవరికైనా అతుకుతుంది.

అంచులు

వెళ్ళి చూశాను. కింద కొసలో గుంట పక్కన గొంతుక్కూర్చుని తాళంతో గీకాను. కంకర ఊడలేదు. తారు కంకరని గట్టిగా పట్టుకునే ఉంది. అంచు మాత్రం కత్తిరించినట్టు తెగింది. ఒకచోట నల్లటి తారు మీద ఇనుము దిగిన నొక్కు స్పష్టంగా కనపడింది. పీకిన ముక్కలు కాలవ పక్కన పోగేసి ఉన్నాయి.

అవి వాటంతట అవి లేచినవి కావు. ఎవరో గడ్డపారతో లేపుతున్నారు.

ఎవరు? ఆ వారమంతా నాకు వీధిలో మనుషులు కనపడలేదు, అనుమానితులు కనపడ్డారు. కింద కొస మలుపులో పంక్చరు షాపు ఒకటుంది. గుంటలుంటే గిరాకీ. అతని దగ్గర ఇనుప సామాను చాలా ఉంది. మాటల్లో పెట్టి అడిగితే, "మేడం, గుంటలుంటే బళ్ళు అసలు ఇటే రావట్లా. నా పొట్ట కొట్టిందే ఆ గుంటలు," అన్నాడు. శ్రీనివాసే పీకిస్తున్నాడా, మళ్ళీ మళ్ళీ పని దొరుకుతుందని? సిమెంటు రోడ్డు త్వరగా మంజూరు కావాలని సుబ్బారావు గారే పీకిస్తున్నారా? నందిగామలో పెరట్లో తేలిన కుళాయి పైపు గుర్తొచ్చింది. ఆయన గురించి వాకబు చేశాను. ఆయన గోడౌనుకి సరుకు లారీలు హైవే నుంచి ఈ వీధిలోకే వచ్చేవని, రోడ్డు పాడయ్యాక రావడం మానేశాయని తెలిసింది. గ్రీవెన్సులో ముసలీ ముతకా అన్నారే గాని లారీల మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. అయితే మంచి రోడ్డు కావలసిన మనిషి ఉన్న రోడ్డునెందుకు పీకిస్తాడు?

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. సుబ్బారావు గారితో వచ్చే నలుగురూ పై కొసవాళ్ళే. గుంటలన్నీ ఉన్నది కింద కొసలో. అక్కడి నుంచి ఒక్క మనిషి కూడా ఏనాడూ మా ఆఫీసు మెట్లెక్కలేదు. వీధిలో నన్ను చూస్తే గుమ్మాల్లో ఉన్నవాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవారు. ఒకావిడని, "ఈ ప్యాచీలు ఎవరన్నా పీకుతుంటే చూశారా అమ్మా?" అని అడిగాను. "మాకేం తెలుసండి, మేం ఇళ్ళల్లో ఉంటాం," అంది. అంటూనే ఆమె చూపు ఎదురింటి వైపు పోయి, అంతే వేగంగా వెనక్కి వచ్చింది.

గడ్డపార

మూడో విడత ప్యాచీలు వేయించి, ఒక మధ్యాహ్నం జీపు బజారులో వదిలేసి నడిచి వెళ్ళాను. ఎండ మాడుస్తోంది. పై కొస దుకాణాల్లో కునుకు తీస్తున్నారు. కింద కొసకి వచ్చేసరికి చప్పుడు వినపడింది. ఇనుము రాతికి తగిలే చప్పుడు.

తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన రోడ్డు మధ్య నిలబడి గడ్డపార వేస్తున్నాడు. తొందరేం లేదు. చేలో గట్టు సరిచేసుకుంటున్నట్టు, వేసి, వాల్చి, ముక్కని పైకి లేపి పక్కకి నెడుతున్నాడు. ఎదురింటి అరుగు మీద, మొన్న మాకేం తెలుసన్న ఆవిడే, మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంది. నన్ను చూసి ఆమె చేతులు ఆగాయి. ఆయన ఆగలేదు.

"ఏంటండి మీరు చేస్తున్న పని?" అన్నాను.

"కనపడతానే ఉందిగామ్మా," అన్నాడు.

ఆయన పేరు కోటయ్య. మాగాణి కౌలుకిచ్చి కొడుకు దగ్గర ఉంటున్న రైతు. పోలీసులకు చెప్పాల్సి వస్తుందని నేనన్నాను. నా గొంతు నాకే వింతగా వినపడింది. పట్టుకున్నానన్న ఉత్సాహం ఉంది అందులో.

"చెప్పండి. ఈ ఇల్లే. ఎక్కడికీ పారిపోను."

"ఎవరు చేయిస్తున్నారు మీతో?"

ఆయన మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. ఈలోపు వెనక గుమ్మంలోంచి, "మావయ్యా, మేడంగారిని లోపలికి రమ్మను, ఎండలో నిలబెట్టావేంది," అని వినపడింది.

ముప్పయ్యేళ్ళు దాటని అమ్మాయి. కోటయ్య గారి కోడలు సుజాత. చంక కింద కర్ర పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతోంది. కుడికాలు మోకాలి దగ్గర వంగడం లేదు. చివరి మెట్టు దగ్గర ఆగిపోయింది. రోడ్డు మీదికి రాలేదు.

"నేనే చెప్తానులెండి," అంది. "రోడ్డు బాగున్నప్పుడు హైవే మీద నుంచి లారీలు ఇట్టా తిరిగేయి మేడం. సున్నపురాయి లారీలు, సిమెంటు లారీలు, అన్నీ. జంక్షన్లో ఆగే పని లేకుండా ఈ సందులోంచి అడ్డంగా పోయేవాళ్ళు. మా ఇంటికి వాకిలంటే ఈ రోడ్డేగా. కార్తీకమాసంలో తెల్లారుతుండగా ముగ్గేస్తున్నా. వంగుని ఉన్నా. ఎదురుగా ఆటో వచ్చిందని లారీవాడు ఇటు కోసాడు. నాకు లైటు కనపడింది. లేచే టైము లేదు."

మిరపకాయల ఆవిడ తల వంచుకుంది.

"లారీలు ఆపమని అడగలేదా?" అన్నాను.

"అడిగాం," అన్నారు కోటయ్య గారు. "లారీలు రాకూడదని బోర్డు పెట్టారు. లారీవాడు బోర్డులు చదువుకుంటా పోతాడా? స్పీడు బ్రేకరు వేసారు. దాని మీద లోడు లారీ దూకితే మా గోడలు బీటలిచ్చినయ్యి. తర్వాత వానలకి రోడ్డు పోయింది. గుంటలు పడ్డయ్యి. లారీలు రావడం మానేసినయ్యి. మేం అడిగితే ఎవరూ చెయ్యని పని ఆ గుంటలు చేసినయ్యమ్మా. ఇప్పుడు వచ్చి మీరు పూడుస్తన్నారు. మీరు పూడ్చినప్పుడల్లా నేను తవ్వుతా. నాకు వేరే పనేముంది."

"అందరికీ తెలుసా?" అని మిరపకాయల ఆవిడ వైపు తిరిగాను.

"తెలుసండి," అంది ఆవిడ ఈసారి. "ఆయన అలిసిపోతే మా ఆయన వేస్తాడు."

నేను అక్కడ నిలబడి ఆ వీధిని మళ్ళీ చూశాను. అంతవరకు నేను వేసిన ప్రశ్న ఒక్కటే. గుంటలుంటే ఎవరికి లాభం? లాభం అనగానే దొంగలే గుర్తొస్తారు. మంచి రోడ్డు వస్తే ఎవరికి భయం అన్న ప్రశ్న నాకు రాలేదు. ఎవరికీ రాలేదు. రోడ్డు బాగుపడటం అందరికీ మంచిదేనని మనం చదువుకున్నాం, ఉద్యోగంలోకి అదే నమ్మకంతో వస్తాం.

ఆఫీసులో

పైఅధికారికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా, మర్నాడు కోటయ్య గారే ఆఫీసుకి వచ్చారు. ఉతికిన పంచె కట్టుకున్నారు. వెంట కొడుకు లేడు, ఎవరూ లేరు. వరండాలో శ్రీనివాసు కూర్చుని ఉన్నాడు. ఇక పనులకు పిలవరని అప్పటికే అతనికి ఎవరో చెప్పారు. కోటయ్య గారు అతన్నీ లోపలికి రమ్మన్నారు.

"ఈ అబ్బాయి వేసిన తారులో లోపం లేదండి," అన్నారు మా పైఅధికారితో. "గట్టిగా వేసాడు. పీకటానికి నా భుజాలు పోయినయ్యి. పీకింది నేను. కేసు పెట్టేదుంటే నా మీద పెట్టండి."

మా పైఅధికారి ఒక్క క్షణం నా వైపు అనుమానంగా చూశారు. ఇదంతా నేను ఆడించిన నాటకమేమోనని. ఆ చూపు నాకు కొత్త కాదు, నేనూ అందరినీ అలాగే చూసినదాన్ని. తర్వాత ఆయన కుర్చీ చూపించి, "కూర్చోండి. ఎందుకు పీకారో చెప్పండి," అన్నారు. తొందర మనిషి ఆ రోజు తొందరపడలేదు. అంతా విన్నారు. కేసు పెట్టలేదు. శ్రీనివాసుని తప్పించలేదు.

వీధి మధ్యలో

ఇంజినీరుగా నా పని అక్కడ మొదలైంది. రోడ్డు వెయ్యాలి, లారీ రాకూడదు. కింద కొసలో ఇళ్ళ వెంబడి ఎత్తయిన ఫుట్‌పాత్ కట్టి, రోడ్డుని ఇరుకు చేసి, హైవే వైపు మొదట్లో అడ్డంగా ఒక ఇనుప చట్రం నిలబెడితే సరిపోతుంది. రైల్వే గేటుకి కొంచెం ముందు రోడ్డు మీద ఉంటుందే, అలాంటిది. దాని కిందనుంచి కారు, ఆటో, ట్రాక్టరు వెళతాయి. లోడు లారీ పట్టదు. ఫైరింజను కావాలంటే బజారు వైపు నుంచి వస్తుంది. కాగితం మీద అంతా తేలిగ్గా ఉంది.

కానీ చట్రం పెడితే సుబ్బారావు గారి సరుకు లారీ కూడా రాదు.

అందుకని ఒక సాయంత్రం రెండు కొసలవాళ్ళనీ వీధి మధ్యలోనే కూర్చోబెట్టాను. ఇళ్ళల్లోంచి కుర్చీలు తెచ్చుకున్నారు. పై కొసవాళ్ళు ఒకవైపు, కింద కొసవాళ్ళు ఒకవైపు. చెప్పకుండానే అలా కూర్చున్నారు. ప్యాచీలు పీకింది ఎవరో అప్పటికి పై కొసకి తెలిసిపోయింది. పీకినవాళ్ళు తలెత్తుకుని కూర్చోవడం వాళ్ళకు నచ్చలేదు. నేను చట్రం గురించి చెప్పగానే గొడవ మొదలైంది.

"అంటే గడ్డపార పట్టుకున్నవాళ్ళ మాటే చెల్లుద్దన్నమాట," అన్నాడొకాయన.

"ఇన్నాళ్ళూ ముసలివాళ్ళు పడిపోతన్నారని అర్జీలిచ్చింది లారీల కోసమేగా," అన్నారు కింద కొస నుంచి.

సుబ్బారావు గారు లేచారు. ఆయన మొహం ఎర్రబడింది. "అవునండి. లారీల కోసం కూడా అడిగా. వ్యాపారం చేసుకోవడం తప్పా? బజారు వైపు నుంచి పగలు సరుకు లారీని రానివ్వరు. ఈ వైపూ మూసేస్తే మేం దుకాణాలు ఎత్తేసుకోవాలా? సుజాతకి జరిగింది మాకూ బాధే. దానికీ దీనికీ ముడిపెడితే ఎట్లా?"

ఆయన అబద్ధమాడటం లేదు. నాకు ఆ మనిషి మీద మొదటిసారి గౌరవం కలిగింది. లోపల ఉన్నది బయటపెట్టాడు. కానీ ఆ మాటకి రెండు వైపులా కొందరు లేచి నిలబడ్డారు. ఇంకొంచెంసేపు అలాగే ఉంటే అందరూ కుర్చీలు తీసుకుని వెళ్ళిపోయేవారు.

అప్పుడు ఆయన భార్య పద్మావతి గారు మాట్లాడారు. ఆవిడ ఎప్పుడూ మా ఆఫీసుకి రాలేదు. నేను ఆవిడ గొంతు వినడం అదే మొదలు. భర్త వైపే చూస్తూ, నెమ్మదిగా అన్నారు.

"ఆ రోజు సుజాతని ఆసుపత్రికి తీసుకెళ్ళింది మన ట్రాలీ ఆటోలోనేగా. పప్పు బస్తాలు రోడ్డు మీదికి తోసేసి ఎక్కించింది మీరేగా. తిరిగొచ్చాక ఆ ట్రాలీ కడిగింది నేను. ఎన్ని నీళ్ళు పోసినా ఆ వాసన పోలా."

సుబ్బారావు గారు కూర్చుండిపోయారు.

"లారీని మార్కెట్ యార్డులో ఆపించుకుందాం," అన్నారావిడ. "సరుకు ట్రాలీల్లో తెచ్చుకుందాం. ఆ పిల్లని మోసిన బండి, కందిపప్పు మొయ్యలేదా?"

సుజాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తను మాట్లాడాలనుకుని వచ్చిందట, ఏం మాట్లాడాలో మర్చిపోయానని తర్వాత నాతో చెప్పింది. సుబ్బారావు గారు తువ్వాలు మడతపెట్టి నా వైపు తిరిగారు.

"చట్రం ఎత్తు ఎంత పెడతారండి? ట్రాలీ మీద బస్తాలు కాస్త ఎత్తుగా వేసుకుంటాం. అది తగలకూడదు," అన్నారు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి అర్జీ వెనకా చెప్పని కారణం ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నాక, దొరికిపోయాడని సంబరపడకూడదు. చెప్పని కారణం ప్రతిసారీ చెడ్డ కారణం కాదు. ఒకరికి వ్యాపారం, ఇంకొకరికి కాలు. రెండూ బయటికి వచ్చాకనే రోడ్డు ఎలా వెయ్యాలో తెలుస్తుంది. నందిగామలో పెద్దసారు జీపు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్న మాటకు అర్థం ఇదేనని నేను అనుకుంటున్నాను.

చివరి రోజు

పని మొదలవడానికి చాలా కాలం పట్టింది, అది ఎప్పుడూ ఉండేదే. సిమెంటు రోడ్డుతోపాటు ఫుట్‌పాత్ పని కూడా శ్రీనివాసుకే వచ్చింది. కోటయ్య గారు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూలీల చేతులే చూస్తూ కూర్చునేవారు. సిమెంటు ఎంత కలుపుతున్నారు, నీళ్ళు కొడుతున్నారా లేదా, అంచు రాయి ఎంత లోతుకి దింపారు, అన్నీ ఆరా తీసేవారు. మమ్మల్ని ఆయన అప్పటికీ నమ్మలేదు. చట్రం నిలబెట్టాక కూడా, "ఎవడో పెద్దమనిషి ఫోన్ చేస్తే రేపు మీరే తీసేస్తారు," అన్నారు నాతో. తీసెయ్యరని నేను ప్రమాణం చెయ్యలేకపోయాను. తీసేస్తే మీరు వీధిలో కూర్చోండి, మీతో పై కొసవాళ్ళు కూడా కూర్చుంటారని మాత్రం చెప్పాను.

పని అయిపోయిన రోజు ఆయన లేచి, కాలితో అంచు రాయిని తన్ని చూశారు. "ఇది ఊడదు కదా?" అని అడిగారు శ్రీనివాసుని.

"మీరు పీకకపోతే ఊడదండి," అన్నాడు అతను.

క్షణం సేపు నాకు భయమేసింది. తర్వాత కోటయ్య గారు నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఊగిపోయేలా నవ్వారు. ఎదురింటి ఆవిడ అరుగు మీద నుంచి నవ్వింది. సుజాత లోపలి నుంచి, "ఏమైంది మావయ్యా," అంటూ వచ్చి, మెట్లు దిగి, చివరి మెట్టు దగ్గర ఆగింది. తర్వాత కర్ర ముందు పెట్టి ఫుట్‌పాత్ మీదికి దిగింది.

అప్పుడే హైవే వైపు నుంచి ఒక లోడు లారీ తిరిగింది. రోడ్డు బాగుపడిందని ఎక్కడో విని ఉంటాడు. చట్రం ముందు ఆగి హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. క్లీనరు దిగి, పైకి చూసి, చెయ్యి ఊపాడు. వీధిలో అందరం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. సుజాత కర్రని గట్టిగా పట్టుకుంది గాని లోపలికి వెళ్ళలేదు. కాసేపటికి లారీ గేరు మారిన చప్పుడు, ఆ వెంటనే వెనక్కి వెళ్ళేటప్పుడు మోగే ఆ కీచు పాట వినపడ్డాయి. అది హైవే మీదికి పోయి, మిగతా బళ్ళ రొదలో కలిసిపోయేదాకా సుజాత ఫుట్‌పాత్ మీదే నిలబడి చూసింది.